కుక్కను కోరి తెచ్చుకొనువారి కర్తవ్యములు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పెంపుడు కుక్కలనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా పాఠశాలవారు మమ్ము కోరిరి. భాషనుగూర్చియో, కావ్యములనుగూర్చియో ప్రసంగింపదగిన ఈ వేదికపై కుక్కల ప్రస్తావన యేల యని పెద్దలు కొందఱు అనుకొనవచ్చును. కాని నేడు బెంగళూరు నగరమున మల్లేశ్వరములోని పాత యిండ్లు మొదలుకొని వైట్‌ఫీల్డులోని బహుళ అంతస్తుల భవనములవఱకు మన తెలుగు కుటుంబములు అనేకము కుక్కలను పెంచుచున్నవి. పుట్టినరోజునకు ఏమి కావలెనని అమ్మయో నాయనయో అడిగినచో “కుక్కపిల్ల” అని బదులు చెప్పు పిల్లలు ప్రతి తరగతిలోను కలరు. ఆ కోరిక మంచిదే. అయితే కోరుటకు ముందు యోచింపవలసినవి కొన్ని, తెచ్చిన పిదప మానక చేయవలసినవి కొన్ని కలవు. వానిని మనవి చేయుటయే మా యుద్దేశము.

ధర్మరాజు తనవెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కేగ నిరాకరించిన కథ మీకందఱకు తెలిసినదే. కుక్కను బహుమానముగా కోరిన మఱియొక వీరుని కథ మన నగరముననే శిలపై చెక్కబడి యున్నది. మండ్య జిల్లాలోని ఆతకూరున లభించి, ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు చెందియున్న ఆ శాసనము క్రీ.శ. 949–50 ప్రాంతమునాటిది. తక్కోలము యుద్ధమున చోళులపై రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు విజయము పొందెను. ఆయన పక్షమున పోరాడిన గంగరాజు బూతుగుడు, తన అనుచరుడైన మణలేరుని శౌర్యమునకు మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మనెను. మణలేరుడు కోరినది “కాళి” అను వేటకుక్కను! తరువాత ఆ కాళి యొక పెద్ద అడవిపందితో పోరాడగా రెండును ప్రాణములు విడిచెను. మణలేరుడు దాని స్మారకముగా ఆతకూరు చల్లేశ్వరాలయము ఎదుట శిలను నిలిపించెను. దాని పూజకై భూమియు ఈయబడెను. పందితో పెనగులాడుచున్న కుక్క బొమ్మ ఆ శిలపై నేటికిని కలదు.

మణలేరుడు తాను కోరి తెచ్చుకొన్న ప్రాణిని తుదివఱకు, తుది దాటిన పిదప సహితము, తనదిగనే యెంచెను. మనము శిలలు నిలుప నవసరము లేదు. కాని కోరినవాడే బాధ్యత వహింపవలెనను నీతి మనకును చెల్లును. మే మిప్పుడు చెప్పబోవునదంతయు ఆ నీతికి వివరణమే.

తెచ్చుటకు ముందు

కుక్క సుమారు పది పదమూడేండ్లు జీవించును. నేడు ఐదవ తరగతిలోనున్న బాలుడు కుక్కపిల్లను తెచ్చుకొన్నచో, అతడు కళాశాల ముగించి ఉద్యోగమునకై తిరుగుచున్నప్పుడు సహితము అది ఇంటనుండును. కనుక ముందుగా ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచింపవలెను. ప్రతిదినము ఉదయ సాయంకాలములయందు దానిని త్రిప్పువారెవరు? సంక్రాంతికి అందఱును అనంతపురమునకో, చిత్తూరునకో పోయినప్పుడు దానిని చూచువారెవరు? పశువైద్యునికి, టీకాలకు, ఆహారమునకు అగు వ్యయము భరింపగలమా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకనిచో కుక్కను తేకుండుటయే దానికి చేయు ఉపకారము.

జాతి విషయమునను వివేకము కావలెను. మంచుదేశములయందు బండ్లు లాగుటకు పుట్టిన హస్కీని తెచ్చి మూడవ అంతస్తు గదిలో బంధించుట దానికి శిక్షయే. ముధోళ కుక్కలు మన కర్ణాటకమునకు గర్వకారణము. 2005వ సంవత్సరమున భారత తపాలాశాఖవారు వాని బొమ్మతో తపాలాబిళ్లను వెలువరించిరి. కాని అవి పరుగునకై పుట్టినవి. విశాలమైన చోటు లేనివారికి అవి తగవు. మన వీథులలో తిరుగు నాటు కుక్కపిల్ల ఈ శీతోష్ణములకు తరతరములుగా అలవాటుపడినది, తెలివైనది, వెలలేనిది. జంతుసంరక్షణ సంస్థలవద్ద ఇట్టివి ఎన్నియో ఇంటికై యెదురుచూచుచున్నవి. అమ్మకపువారివద్ద కొనదలచినవారు ఎనిమిది వారములు నిండని పిల్లను కొనరాదు. అట్టిదానిని అమ్ముట 2017నాటి కేంద్రప్రభుత్వ నియమములచే నిషేధింపబడినది. తల్లివద్దను, తోడిపిల్లలవద్దను పెరుగవలసిన ఆ దినములలో విడదీసిన పిల్ల పిఱికిదిగనో, కఱచునదిగనో మాఱుటకు అవకాశమెక్కువ.

ఆహారము, నీరు

పెరుగన్నము పెట్టిన చాలునని మన యిండ్లలో ఒక నమ్మకము కలదు. పెరుగన్నము చెఱుపు చేయదు గాని, అంతమాత్రమున కుక్కకు చాలదు. దానికి మాంసకృత్తులు అధికముగా కావలెను. ఉప్పు, కారము లేక ఉడికించిన కోడిమాంసము, గ్రుడ్డు, చేపలు, అన్నము, గుమ్మడి, క్యారెట్టు వంటివి పశువైద్యుని సలహాపై తగుపాళ్లలో పెట్టవచ్చును. శాకాహార కుటుంబములవారు వైద్యుని తప్పక సంప్రదింపవలెను. చిన్నపిల్లకు దినమునకు మూడు నాలుగు మాఱులు, పెరిగినదానికి రెండు మాఱులు నియమిత వేళలందు పెట్టుట మంచిది. శుభ్రమైన నీరు మాత్రము ఎల్లవేళల అందుబాటులో నుండవలెను.

పెట్టరానివి గుర్తుంచుకొనుడు. నీరుల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను నశింపజేయును. కనుక మిగిలిన సాంబారన్నము, పులుసన్నము దానికి పెట్టరాదు. ద్రాక్షలు, ఎండుద్రాక్షలు మూత్రపిండములను చెఱుపును. పండుగనాడు ప్రేమతో పెట్టిన ఎండుద్రాక్షల పాయసము దానికి విషము కావచ్చును. చాకొలెట్టు, కాఫీ, తేనీరు కూడదు. జైలిటాల్ అను తీపిపదార్థము కలిపిన చక్కెరలేని మిఠాయిలు మిక్కిలి అపాయకరములు. ఉడికిన ఎముకలు వాడియైన ముక్కలుగా విఱిగి ప్రేగులను చీల్చును.

వ్యాయామము, ఎండ, శుభ్రత

కుక్కను ఎల్లప్పుడు గొలుసుతో కట్టియుంచుట క్రూరత్వము. ఇది మా మాట మాత్రమే కాదు. నిత్యము కట్టియుంచిన కుక్కను, లేదా ఇఱుకుచోట బంధించిన కుక్కను త్రిప్పక ఉపేక్షించు యజమాని 1960నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరస్థుడు. ఉదయమున, సాయంకాలమున అరగంటయైనను దానిని నడిపింపవలెను. మూసియుంచిన కుక్క మొఱుగును, కొఱుకును, త్రవ్వును. అది దాని దుర్గుణము కాదు, తిరుగలేని దాని బాధ.

మనిషివలె కుక్కకు ఒడలంతయు చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటవలననే అది వేడిని తగ్గించుకొనును. అందుచే మార్చి, ఏప్రిలు నెలల మధ్యాహ్నమున దానిని నడిపింపరాదు. మీ చేతి వెనుకభాగమును రోడ్డుపై ఏడెనిమిది సెకన్లు ఉంచి చూడుడు. మీరు తాళలేని వేడిని దాని పాదములును తాళలేవు. తలుపులు మూసిన కారులో దానిని విడిచిపోవుట కొద్ది నిమిషములలో ప్రాణాపాయము.

వర్షకాలమున మన నగరపు తోటలలో గోమార్లు విస్తరించును. అవి రక్తము పీల్చుటయే కాక జ్వరమును అంటించును. నడక ముగిసిన వెంటనే చెవుల లోపల, వ్రేళ్ల నడుమ, మెడక్రింద వెదకవలెను. కుక్క ఆహారము మాని, నీరసించి, చిగుళ్లు పాలిపోయినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. కడుపులోని పురుగులకు వైద్యుడు చెప్పిన వేళలకు మందీయవలెను. ఆ పురుగులు మట్టిలో ఆడుకొను పిల్లలకును సోకగలవు.

టీకా

ఇంతవఱకు చెప్పినవి మఱచినను, ఇప్పుడు చెప్పబోవునది మఱువవలదని మా ప్రార్థన.

పిల్లకు ఆరు ఎనిమిది వారముల వయసునుండి డిస్టెంపరు, పార్వో మున్నగు వ్యాధులకు టీకాలు ఆరంభించి, నాలుగు నెలలు వచ్చువఱకు మూడు నాలుగు వారములకొకమాఱు మరల వేయింపవలెను. ఎలుకల మూత్రము కలిసిన వాననీటివలన వచ్చు లెప్టోస్పైరోసిస్‌కు కూడ టీకా కలదు. మూడవ నెలలో రేబీస్ టీకా వేయించి, పిదప వైద్యుని సలహాపై ఏటేట తప్పక వేయించుచుండవలెను.

రేబీస్ అనగా పిచ్చికుక్క వ్యాధి. లక్షణములు కనుపించిన పిదప ఆ వ్యాధినుండి బ్రదికినవారు అత్యంత అరుదు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు పిల్లలు. మనుష్యులకు వచ్చు ఈ వ్యాధిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కలవలననే వచ్చుచున్నది. కనుక కుక్కకు వేయించు ఆ యొక్క టీకా కుక్కకు మాత్రమే గాక మనకును రక్ష.

ఈ వ్యాధికి చికిత్స మన పూర్వులకు సులభముగా లభింపలేదు. 1885 జులైలో పారిస్ నగరమున లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలుడు జోసెఫ్ మైస్టరుకు టీకా వేసి కాపాడెను. మనదేశమున 1900లో హిమాలయ ప్రాంతమునందలి కసౌలిలో ఈ చికిత్సకై పాశ్చరు సంస్థ వెలసెను. దక్షిణదేశమున ఏమియు లేదు. 1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అను ఆంగ్లయువతి ఈ వ్యాధితో మరణించిన పిదప, ప్రజల విరాళములతోను, అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ధనముతోను నీలగిరులలోని కూనూరున 1907లో పాశ్చరు సంస్థ ఏర్పడెను. నేడో, ఆ టీకా ప్రభుత్వ ఆసుపత్రులలోనే లభించుచున్నది. మందు దూరమున్నందున కాక, మన నిర్లక్ష్యమున ప్రాణము పోవుట ఎంత శోచనీయము!

బాలబాలికలారా, కుక్క కఱచినను, గోటితో గీచినను, గాయముపై నాకినను వెంటనే చేయవలసినది యిది. కొళాయి ధారక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు గాయమును కడుగుడు. పసుపు, సున్నము, కారము, కాఫీపొడి అద్దకుడు. కట్టు కట్టకుడు. ఆనాడే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకొని, వైద్యులు చెప్పిన దినములన్నింటను మానక మరల వెళ్లుడు. గాయము లోతైనదైనచో టీకాతోపాటు గాయము చుట్టును మఱియొక మందు వేయవలసియుండును. మన పెంపుడు కుక్కయే కదా యని, చిన్న గీతయే కదా యని ఉపేక్షింపరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది: ఇంటిలో దెబ్బలు తినవలసివచ్చునను భయముతో గాయమును దాచకుడు. తలిదండ్రులారా, మీకొక విన్నపము. కుక్క కఱచినదని చెప్పిన పిల్లవానిని ఆనాడు కోపింపవలదు. ఎందుకు దానిజోలికి పోతివని అడుగవలదు. ఒక మందలింపునకు జడిసి దాచిన గాయము ప్రాణముతో పోవచ్చును.

ఇరుగుపొరుగు

మన ప్రీతి పొరుగువారికి బాధ కారాదు. దారిలో కుక్క చేసిన మలమును కాగితముతో తీసి పాఱవేయుట యజమాని విధి, పనిమనిషి విధి కాదు. బయట నడిపించునప్పుడు మెడపట్టీ, గొలుసు తప్పనిసరి. లిఫ్టులో భయపడువారున్నచో వారిని ముందు పోనిచ్చి మనము వేచియుండవలెను. నగరపాలక సంస్థవారి అనుమతి పత్రము పొంది, టీకా పత్రమును దానితో జతపఱచి ఉంచుకొనవలెను. పిల్లలను సాకలేనిచో తగిన వయసున సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయింపవలెను. వద్దనుకొన్న పిల్లలే గదా రేపు వీథికుక్కలగుట! దీపావళినాడు బాణసంచా మ్రోతకు కుక్కలు బెదరి పరుగెత్తి తప్పిపోవును. ఆ రాత్రి తలుపులు మూసి, దాని దగ్గర ఇంటివారొకరు కూర్చుండుట మేలు.

ముద్దుగానున్న కుక్కపిల్ల పెరిగి, పిదప ముసలిదై, కన్ను మందగించి, మెట్లు ఎక్కలేకపోవు దినము వచ్చును. ఆ దినమున దానిని ఊరిచివర విడిచివచ్చువారు కొందఱు కలరు. ఇంటి యన్నము తప్ప వేఱు తెలియని ఆ ప్రాణి వీథిలో కొన్నినాళ్లయినను బ్రదుకజాలదు. పదేండ్లు మన గుమ్మము కాచినదానికి మనము చెల్లింపవలసినది మెత్తని గోనెపట్టా, వేళకింత అన్నము, ఒక చల్లని మాట. ఇవి ఎంతటివారికైనను భారము కావు.

సభవారికి తుది మనవి యొక్కటి. ఈ సాయంకాలము ఇంటికి పోయినవెంటనే, కుక్క ఉన్నవారు దాని టీకా పత్రమును తీసి, రేబీస్ టీకా వేయించిన తేదీ చూడుడు. గడువు దాటినచో రేపే పశువైద్యునికడకు పొండు. కుక్క లేనివారు, గాయము తగిలినచో దాచక చెప్పుమని మీ పిల్లలతో ఒక మాట చెప్పుడు. ఇంతమాత్రము జరిగినచో మా ప్రసంగము సఫలమైనదని సంతసింతుము.