రబ్బరు తిత్తి: పాత బోటు స్టెర్న్‌డ్రైవ్ నేర్పిన పాఠం

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది మాట్లాడినట్టే, కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నాం. పనిలో ఉండి వినలేకపోయినవాళ్లు చదువుకోవచ్చు.)

 

పోయిన ఎపిసోడ్‌లో పాత కార్ల గురించి మాట్లాడుకున్నాం కదా. ఈసారి పాత బోటు. నవ్వకండి. అంటారియోలో ఉన్నవాళ్లకి తెలుసు, ఇక్కడ ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా సరస్సు మీదే ఉంటుంది. మనవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు కలిసి పాత బోటు కొనేస్తున్నారు. మేమూ అలాగే కొన్నాం: నేను, మా బావ, మా వేర్‌హౌస్‌లో పనిచేసే ఇంకొకాయన. 1994 మోడల్, 19 అడుగులు, మెర్‌క్రూజర్ 4.3 లీటర్ ఇంజిన్, వెనకాల ఆల్ఫా వన్ జెన్ టూ డ్రైవ్. అమ్మినాయన "నీళ్లలోకి దింపడమే ఆలస్యం" అన్నాడు. మేం నమ్మేశాం.

ముందు స్టెర్న్‌డ్రైవ్ అంటే ఏంటో చెప్తాను. ఇంజిన్ బోటు లోపల, వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. పంకా ఉండే కాలు బయట నీళ్లలో ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే షాఫ్ట్ వెనక గోడకి పెట్టిన కంత లోంచి వెళ్తుంది. వోల్వో పెంటా వాళ్లు 1959లో, మెర్‌క్రూజర్ వాళ్లు 1961లో ఈ రకాన్ని మార్కెట్‌లోకి తెచ్చారు. వసతి బాగానే ఉంది, కానీ ఆలోచించండి: నీటిమట్టానికి కింద, పడవకి ఒక కంత. ఆ కంతలోకి నీళ్లు రాకుండా ఆపేది ఏంటి? ఒక రబ్బరు గొట్టం. ఇంగ్లీషులో బెలోస్ అంటారు. మన భాషలో తిత్తి. కమ్మరి కొలిమి దగ్గర మడతలు మడతలుగా ఉండే తిత్తి చూశారు కదా, అదే ఆకారం. డ్రైవ్ పక్కలకి తిరిగినా, పైకి లేచినా అది సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. అది చిరిగితే బోటులోకి నీళ్లే.

మాకు రెండో ఏడాది జులైలో చిరిగింది. సిమ్కో సరస్సు మీద ఉన్నాం. నేను, బావ, అక్క, ఇద్దరు మేనల్లుళ్లు. పిల్లలకి లైఫ్ జాకెట్లు ఉన్నాయి, ఆ ఒక్క తెలివైన పని చేశాం. చిన్నోడు అడిగాడు, "మావయ్యా, మన బోటు పక్కనుంచి నీళ్లు ఎందుకు కక్కుతోంది?" అని. చూస్తే, అడుగున చేరిన నీళ్లని తోడే పంపు ఆగకుండా పోస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. పొద్దున్నుంచీ అది తిరుగుతూనే ఉంది. లీకుని బాగుచేయలేదు, దాచిపెట్టింది. బ్యాటరీ దిగిపోయి ఉంటే సరస్సు మధ్యలో మునిగేవాళ్లం. ర్యాంప్ దాకా వచ్చి ట్రెయిలర్ మీదకి లాగేదాకా అక్క ఒక్క మాట మాట్లాడలేదు.

ఒడ్డున చూస్తే షాఫ్ట్ తిత్తి మడతల్లో చిరిగి ఉంది. పైన ఎవరో ఎప్పుడో జిగురు పూశారు.

ఆ రాత్రి మా నాన్నకి ఫోన్ చేశాను. మాది ఉప్పాడ. నాన్న నలభై ఏళ్లు వేటకెళ్లాడు. తిడతాడనుకున్నా. అంతా విని ఒకటే అడిగాడు: "ఒరే, అక్కడ ఆర్నెల్లు మంచేనంటావు కదా. ఆ ఆర్నెల్లు ఏం చేశావు?"

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో డబ్బులు ఉండేవి కావు. కానీ నాన్న ఖాళీగా కూర్చున్నది నేను చూడలేదు. వలలు కట్టేవాడు, ఇంజిన్ విప్పేవాడు, పడవ అడుగు గోకేవాడు. నాకు ఇక్కడ ప్రకృతే ఆర్నెల్లు నిషేధం పెడితే, నేను బోటు మీద టార్పాలిన్ కప్పేసి ఓవర్‌టైమ్‌కి వెళ్లిపోయా. అదీ నా తప్పు.

ఆ అక్టోబర్ నుంచి ఏం చేస్తున్నానో చెప్తా, రాసుకోండి.

మొదటిది, గేర్ ఆయిల్. చలి రాకముందే తీయాలి, వసంతంలో కాదు. డ్రైవ్ కింద ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ ఉంటాయి. రెండూ విప్పితే ఆయిల్ దిగుతుంది. పాలు కలిపిన టీలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయని అర్థం. ఆ నీళ్లు లోపలే గడ్డకడితే, మంచు ఉబ్బి డ్రైవ్ ఒళ్లే పగలగొడుతుంది. ఇనుప ముక్కలు కనిపిస్తే అక్కడే ఆపి మెకానిక్‌ని పిలవండి. కొత్త ఆయిల్ కింది నుంచి పంపుతో ఎక్కించాలి, పై కంతలోంచి బుడగలు లేకుండా వచ్చేదాకా. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత పంపు తీసి కింద బిగించాలి. వాషర్లు కొత్తవి వేయాలి. ఇంజిన్ పక్కన డ్రైవ్ ఆయిల్ సీసా ఉన్న మోడల్ అయితే ఆయిల్ ఆ సీసాలోకి చేరేదాకా ఎక్కించాలి. సీజన్‌లో దాని మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని లెక్క.

రెండోది, ఏడాదికోసారి డ్రైవ్ దించడం. మా ఆల్ఫాకి ఆరు నట్లు, 5/8 సాకెట్ పడుతుంది. దించే ముందు గేరు ఫార్వర్డ్‌లో పెట్టాలి. ఒక్కరే చేయకండి, ఇద్దరు పట్టాల్సిన బరువు. దించాక తిత్తి మడతలు వేళ్లతో విప్పి చూడండి, పగుళ్లు మడత లోపలే దాక్కుంటాయి. లోపల నీళ్లున్నాయా, తుప్పుందా చూడండి. షాఫ్ట్ కీళ్లకి, పళ్లకి గ్రీజు పెట్టండి. గింబల్ బేరింగ్‌ని వేలితో తిప్పితే మెత్తగా తిరగాలి. గరగరమంటే దాని పని అయిపోయినట్టే. తిరిగి ఎక్కించే ముందు అలైన్‌మెంట్ బార్ పెట్టి ఇంజిన్ సూటిగా ఉందో లేదో చూసుకోవాలి.

తిత్తులు మూడు: షాఫ్ట్‌ది, గేరు కేబుల్‌ది, పొగది. మొదటి రెండూ చిరిగితే బోటు మునుగుతుంది. మూడూ ఒకేసారి మార్చేశాం. దానికి బెల్ హౌసింగ్ విప్పాలి, ప్రత్యేకమైన పానా కావాలి. లారీ మెకానిక్‌గా చేసే మిత్రుడు పక్కనుంటే రెండు ఆదివారాలు పట్టింది. ఇంకోటి, డ్రైవ్ ఎప్పుడూ దించి ఉంచి నిలపండి. పైకెత్తి ఉంచితే చలికాలమంతా తిత్తి ముడుచుకుని ఆ మడత దగ్గరే పగులుతుంది.

మూడోది, నీళ్లు లాగే రబ్బరు ఇంపెల్లర్. ఆల్ఫాలో అది డ్రైవ్‌లోనే ఉంటుంది. నేను రెండేళ్లకోసారి మారుస్తా. నీళ్లు అందించకుండా ఒడ్డున ఇంజిన్ తిప్పితే అది క్షణాల్లో పాడవుతుంది.

నాలుగోది, చలికి ముందు ఇంజిన్ బ్లాకు, మానిఫోల్డుల్లో నీళ్లన్నీ తీసేయడం. ప్లగ్గు తీస్తే నీళ్లు రాలేదంటే ఖాళీ అయిందని అనుకోకండి. తుప్పు అడ్డం పడి ఉండొచ్చు, తీగ పెట్టి పొడవండి.

ఇక నేను ముట్టుకోనివి కూడా చెప్తా. గేర్ల లోపలి పని, గింబల్ బేరింగ్ లాగడం, గేరు కేబుల్ సరిచేయడం. ఇవి మెకానిక్‌కే ఇచ్చాం. డబ్బు మిగల్చడం వేరు, ప్రాణం మీదకి తెచ్చుకోవడం వేరు. అలాగే కారు స్టార్టర్, ఆల్టర్నేటర్ చవకని తెచ్చి బోటులో బిగించకండి. బోటువి నిప్పురవ్వ బయటికి రాకుండా చేస్తారు. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. అందుకే ఇంజిన్ ముట్టించే ముందు బ్లోయర్ కనీసం 4 నిమిషాలు తిప్పాలని ఇక్కడ రూలు. కార్డు సంగతి కూడా మరిచిపోకండి: 2009 నుంచి కెనడాలో మోటారు బోటు నడిపే ప్రతివాళ్ల దగ్గరా సామర్థ్య రుజువు ఉండాలి. 10 హార్స్‌పవర్, ఆపైన అయితే బోటుకి లైసెన్సు నంబరూ కావాలి. పాత బోటు కొంటే అది మీ పేరు మీదకి మార్చుకోండి.

పోయిన విక్టోరియా డే వారాంతంలో బోటు మళ్లీ నీళ్లలోకి దింపాం. అక్క ఒడ్డునే నిలబడింది. నేను, బావ గంటసేపు ర్యాంప్ పక్కనే కట్టేసి, అడుగు మూత తీసి టార్చిలైటు వేసి చూశాం. పొడిగా ఉంది. అది చూశాకే అక్క ఎక్కింది.

నాన్నకి ఆ పొడిగా ఉన్న అడుగు ఫోటో పంపాను. బోటు ఫోటో కాదు, అడుగు ఫోటో. "ఇప్పుడు పడవలా ఉంది" అన్నాడు.

మీ దగ్గరా పాత బోటు ఉంటే, ఈ శీతాకాలం టార్పాలిన్ కప్పే ముందు ఒక్క ఆదివారం దానికివ్వండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి, ఉంటాను.