రంగమునకు బోయినవారు - మన వంశావళి



ఇరువది యేండ్లక్రిందట మన సంఘమువారు ప్రకటించిన వంశావళికి నేను లేఖకుడను. అందు మా పితామహుని తమ్ముని పేరునకెదుట "నిస్సంతు" అని నా చేతులారా వ్రాసితిని. ఆయన రంగూనునకు బోయెను; మన పల్లెలలో దానిని రంగమనియే యందురు. 1942లో నందఱును అడవిదారిని నడచివచ్చునపు డాయన రాలేదు. అచ్చట నాయనకు నిద్దఱు బిడ్డలు గలరని మా నాయనమ్మ పలుమాఱు చెప్పగా వింటిని. వినియు నట్లు వ్రాసితిని.

సముద్రయానమును బౌధాయనుడు పతనీయములలో జేర్చినమాట నిజమే. గౌతమీతీరవాసులు మాత్రము ధర్మసూత్రము నడిగి యోడ యెక్కలేదు; ఆకలి నడిగి యెక్కిరి. ఏటి కావలనున్న కోరంగి యొకనాడు గొప్ప రేవు. 1839 నవంబరు తుపానున నది పాడయ్యెను. పిమ్మట మేటలు వేసి యోడలు రాక మానెను. జనులు కాకినాడనుండి పయనమైరి. రేవు పోయినను పేరు పోలేదు. బర్మాలోను, మారిషసులోను తెలుగువారిని "కోరంగీ"లనిరి. అమలాపురమువాడును, రాజోలువాడును, విశాఖమండలమువాడును నొక్కపేరనే పిలువబడిరి. ఆ పిలుపున గౌరవము లేదు. కాని స్వగ్రామమున నొకరి గడప నొకరు త్రొక్కనివా రచ్చట నొక్క బరువునకు భుజములొగ్గిరి.

1930 మే నెలలో రంగూను రేవునందలి తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మెచేసిరి. వారికి బదులుగా బర్మీయులను బెట్టుకొని, సమ్మె తీఱగనే వారిని బొమ్మనిరి. అందుండి పుట్టిన యల్లరులలో మనవారనేకులు హతులైరి. చంపినవారు కులమడుగలేదు.

మారిషసు కథ వేఱు. 1834 మొదలు ఒప్పందపుకూలీలుగా నచ్చటికి జనులు పోయిరి. అందలి తెలుగువారి సంతతి క్రియోలు మాటాడుచునే సింహాద్రి యప్పన్నను గొలుచుచున్నారు. ఉగాది యా దేశమున సెలవుదినము. 1990లో ప్రపంచ తెలుగు మహాసభ లచ్చటనే జరిగెను. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నాటి కూలీల పట్టికలు భద్రముగా నున్నవి. కూలీని లెక్కించుటకై దొరలు వ్రాయించిన యా పుటలలో వాని యూరు, తండ్రిపేరు దొరకును. ప్రేమతో మనము వ్రాసికొన్న పుస్తకమున "నిస్సంతు" అని దొరకును!

ఇపుడు రెండవ ముద్రణకు సన్నాహము జరుగుచున్నది. రంగమునకు బోయినవారి శాఖలను జేర్పుడని నేను కోరగా, "వారి బిడ్డ లన్యకులముల సంబంధములు చేసికొనియుందురు గదా?" యని కార్యవర్గమున నొక పెద్దమనిషి యడిగెను. చేసికొనియుండవచ్చును. ఎవరిని బెండ్లాడిరో యది వారి యిష్టము. ఎవరికి బుట్టిరో యది వంశావళి చెప్పవలసినమాట. ఈ ప్రశ్న తేలనిచో నా పేరు లేఖకస్థానమునుండి తొలగింపుడు.

మీ యిండ్లలో బర్మాటేకు పెట్టె లెన్నియో యున్నవి. వాని యడుగున జాబులుండవచ్చును. చెదలు పట్టకమునుపే వానిని దీసి, అందలి పేర్లను వ్రాసి, సంక్రాంతిలోపల కార్యదర్శిగారి కందజేయ బ్రార్థించుచున్నాను. మా యింటి పెట్టెలో దొరికిన రెండు జాబులను నేటి యుదయమే వారికిచ్చితిని.