పూలకుండీలలో ఏ మొక్కలు నాటవలెను?



పెరటిలో గుమ్మడిపాదు పెంచిన వారికి ఒక అనుభవము తప్పక ఉండును. పాదు బలముగా పాకును. పసుపుపచ్చని పూవులు దండిగా పూయును. పూవు క్రింద గోలీకాయంత పిందె కనబడును. నాలుగైదు దినములలో ఆ పిందె పసుపువారి రాలిపోవును. చూచినవారు తెగులు తగిలినదందురు. అంగడికి పోయి మందు తెచ్చి చల్లుదురు. ఆ పిమ్మట పిందెలు మరింత ఎక్కువగా రాలును. నేనును ఒక సంవత్సరము ఈ పనియే చేసితిని.

పిందె రాలుటకు అనేక కారణములు ఉండవచ్చును గాని, పట్టణపు పెరళ్లలో ముఖ్యకారణము వేరొకటి కలదు. గుమ్మడియందు మగపూవు వేరు, ఆడుపూవు వేరు. మగపూవులోని పుప్పొడి జిగటగా ఉండుటచే గాలికి ఎగురదు. తెల్లవారువేళ విచ్చిన పూవు మధ్యాహ్నమునకే ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో తేనెటీగ వచ్చి, ఒక పూవునుండి మరియొక పూవునకు పుప్పొడిని చేర్చిననే కాయ నిలుచును. ఏ ప్రాణి రాకకై ఆ పూవు ఎదురుచూచుచుండెనో, ఆ ప్రాణినే నేను చల్లిన మందు చంపినది.

ఇది ఒక్క గుమ్మడిపాదు కథ కాదు. ప్రపంచమున ముఖ్యములైన 115 ఆహారపు పంటలను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2007వ సంవత్సరమున లెక్క ప్రకటించిరి. వానిలో 87 పంటలకు తేనెటీగలు మొదలగు ప్రాణుల తోడ్పాటు ఎంతో కొంత కావలసియున్నది. మన దోసపాదులును, జగిత్యాల మామిడితోటలును, ప్రొద్దుతిరుగుడు చేలును ఈ సహాయమును పొందుచున్నవే.

ఆదిలాబాదు అడవులలో మాఘ ఫాల్గుణములనుండి మోదుగయు, ఇప్పయు వరుసగా పూచి తేనెటీగలకు విందు చేయును. పట్టణములలో ఆ భాగ్యము లేదు. కరీంనగరు మిద్దెలమీదను, గోదావరిఖని, మందమర్రి బొగ్గుబావుల క్వార్టర్ల ముంగిళ్లలోను మనకు మిగిలిన భూమి కుండీలోని మట్టియే. అది చాలునా యని మీరు అడుగవచ్చును. తుట్టె కట్టక ఒంటరిగా బ్రతుకు చిన్న తేనెటీగలలో పెక్కు జాతులు తమ గూటినుండి కొన్ని వందల గజముల లోపలనే మేత వెదకుకొనును. అట్టి ప్రాణికి వీధిలోని నాలుగు కుండీలు గొప్ప ఆధారమే.

మన ఇండ్లలో మొదటి పూలకుండీ తులసికోట. తులసి రెండు మూడేండ్లు బ్రతుకును, నడుమెత్తునకు మించదు, కత్తిరించిన కొలది గుబురుగా పెరుగును. దాని వెన్నులలోని పూవులు మన కంటికి ఆననంత చిన్నవి. కాని ఉదయమున కోట దగ్గర ఊరక నిలుచుండి చూచినచో ఎన్ని తేనెటీగలు వాలునో తెలియును. మనవారు ఆకు బాగుగా రావలెనని వెన్ను కనబడగానే త్రుంచివేయుదురు. గింజ కట్టిన మొక్క త్వరగా ముదురును గనుక ఆ పని తప్పు కాదు. అయితే సగము వెన్నులను పూయనిచ్చి, పూత ముగిసి ఎండుముఖము పట్టిన పిమ్మట త్రుంచుడు. మొక్కయు నిలుచును, తేనెటీగయు బ్రతుకును.

ఇక కొత్త మొక్కలను ఎన్నుకొనుటలో మొదటి సూత్రము: ముద్దపూవును విడిచి రేకపూవును కోరుడు. ముద్దమందారము, ముద్దనందివర్ధనము కంటికి నిండుగా ఉండును. కాని ఆ అదనపు రేకులు తరచుగా పుప్పొడి నీయవలసిన కేసరములు మారి ఏర్పడినవే. పుప్పొడి తగ్గును, మకరందమునకు దారియు మూసికొనిపోవును. తేనెటీగకు అది మూసిన అంగడి వంటిది. రెండవ సూత్రము: ఏటేట గింజ వేయనక్కరలేక, కత్తిరించిన మరల చిగిర్చు పొట్టి మొక్క కావలెను. మూడవది: మన వాతావరణమునకు ఓర్చునది కావలెను. రామగుండములో వేసవి వేడిమి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఆదిలాబాదులో చలికాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు జారును. చల్లని దేశపు పూలమొక్కలు చిత్రపటములలో చూచి తెప్పించుకొన్నచో వైశాఖము దాటవు.

ఈ మూడు సూత్రములకు లోబడి, ఏడాది పొడవున ఏదో యొకటి పూచునట్లు కొన్నిటిని చెప్పెదను. వానకాలమున కుండీ అంచున విష్ణుకాంత నాటుడు. నేలబారున పాకి, చిన్న నీలిపూవులు పూయును. చిన్న ఈగలకు అది మిక్కిలి ఇష్టము. దాని ప్రక్కన రేకజాతి గడ్డిగులాబి ఉంచవచ్చును. ఎండ ఉన్నంతసేపే విచ్చును గాని నీరు తక్కువైనను చావదు. బతుకమ్మనాళ్లకు తంగేడు. అది పొద యగుట నిజమే. అయినను అడుగున్నర లోతుగల తొట్టిలో పెట్టి, ఏటేట కత్తిరించుచు మూడడుగులలో నిలుపవచ్చును. దాని గింజ పైపొర గట్టిది గనుక వేడినీటిలో నానవేసి, తొట్టిలోనే విత్తుడు. వేరు లోతుగా దిగు మొక్క యగుటచే పెరికి నాటిన ఓర్వదు. తంగేడుపూవులో మకరందము లేదు, పుప్పొడియే కలదు. నల్లని తుమ్మెద దానిపై వాలి ఝుమ్మని రెక్కలకండరములను అదరించినపుడు కేసరముల కొననున్న రంధ్రములనుండి పుప్పొడి రాలును. 2014లో తెలంగాణము తన రాష్ట్రపుష్పముగా గ్రహించిన ఈ పూవును పండుగనాడు సంతలో కొనుట కన్న ఇంటిలో పెంచుట మేలు కాదా!

చలికాలమునకు డిసెంబరుపూల మొక్క. పూత ముగియగానే సగమునకు కత్తిరించుడు. ఆ కొమ్మలను వానకాలమున గ్రుచ్చిన సులభముగా నాటుకొనును. వేసవికి బిళ్ళగన్నేరు. దాని మకరందము సన్నని గొట్టము అడుగున ఉండుటచే తేనెటీగకు అంతగా అందదు, పొడవైన నాలుకగల సీతాకోకచిలుకకు అందును. పొట్టిజాతి నూరువరహాలును ఇట్టిదే. కాని దానికి నీరు ఎక్కువ కావలెను.

ఒక హెచ్చరిక. రంగురంగుల పొట్టి లాంటానాలు తోటలలో అమ్ముదురు. సీతాకోకచిలుకలు వానిపై మూగుట వాస్తవమే. అయినను ఆ జాతి మన అడవులను అల్లుకొని పశువుల మేతను మింగినది. పక్షులు దాని పండ్లు తిని గింజలను దూరముగా చేర్చును. దానిని పెంచకుండుటయే మంచిది.

మట్టి విషయము కొంచెమే చెప్పెదను. ఆదిలాబాదు రేగడి ఒక్కటియే కుండీలో నింపిన, వానకు బురదయై ఎండకు బీటలు వారును. రెండు పాళ్లు చలకమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలుపుడు. అడుగు రంధ్రముపై పెంకుముక్క బోర్లించుడు. నల్లని ప్లాస్టిక్కు కుండీ ఎండకు కాగి వేళ్లను ఉడికించును. మట్టికుండీ చల్లగా ఉండును. వేసవిలో మట్టిపై ఎండుటాకులు పరచి, ప్రక్కన ఒక మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోయుడు. రాళ్లపై నిలిచి తేనెటీగ మునుగక త్రాగును.

కడపట ముఖ్యమైన మాట. పూచిన మొక్కపై పురుగుమందు చల్లకుడు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్క ఒడలంతయు వ్యాపించి మకరందములోను పుప్పొడిలోను చేరును. అందుచేతనే ఐరోపా సమాఖ్య 2018లో అట్టి మూడు మందులను ఆరుబయట పైరులకు వాడరాదని శాసించినది. మొక్క కొనునపుడు ఏ మందు వేసితిరని అడుగుడు. పేనుబంక పట్టిన నీటిధారతో కడుగుడు. అది చాలనిచో, తేనెటీగలు గూడు చేరిన సాయంకాలము, పూవులు తడువకుండ పలుచని సబ్బునీరు ఆకులకు పూయుడు. తంగేడాకును పురుగు తినుచున్నచో తొందరపడకుడు. అది తరచుగా రేపటి సీతాకోకచిలుకయే.

నా గుమ్మడిపాదుకు మందు మానిన సంవత్సరమున, దాని చెంతనే తులసి, విష్ణుకాంత కుండీలు ఉంచితిని. ఆ యేడు మూడు కాయలు నిలిచినవి. అది గొప్ప పంట యని చెప్పను. కాని ప్రతి ఉదయమున పాదు దగ్గర వినబడు ఆ ఝుంకారము మా ఇంటిలో అంతకుముందు వినియుండలేదు. మీ ముంగిట ఒక్క కుండీతో ఆరంభింపుడు.