కొత్త నిర్మాతలకు స్వాగతం

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి మన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ విని పెరిగిన పిల్లలకు పరాయి భాష పాటంటే బెరుకుండదు. అందుకే వాళ్లకు ‘ఐడల్ మాస్టర్’ గురించి చెప్పాలని నా కోరిక.

2005లో నామ్కో సంస్థ జపాన్ ఆర్కేడ్ సెంటర్లలో పెట్టిన ఆట ఇది. ఇందులో మనం పాడం. కొత్త గాయనికి సాధన చేయించి వేదిక ఎక్కించే నిర్మాత మనమే. అభిమానులు ఒకరినొకరు నిర్మాత అనే పిలుచుకుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

కొత్తవారికి ముందే ఆటలు ఇవ్వకండి, ఈ సిరీస్‌లోని వందల పాత్రలు చూసి బెదిరిపోతారు. ఇదే పేరుతో 2011లో వచ్చిన 25 భాగాల యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) చూపించండి. ఏ అమ్మాయి నచ్చిందో వాళ్లనే చెప్పనివ్వండి. ఆమె పాటలు ఆ తర్వాత వినిపించండి.