కండరాలు సడలించే ఇంజెక్షన్లు

ఆపరేషన్ అనగానే మనకు మత్తుమందే గుర్తొస్తుంది. దాంతోపాటు చాలాసార్లు కండరాలను సడలించే ఇంజెక్షన్ కూడా ఇస్తారు. సక్సినైల్‌కోలిన్, వెక్యురోనియం, అట్రాక్యూరియం ఆ కోవలోవే. పొట్ట కండరాలు వదులైతేనే సర్జన్ చెయ్యి ఆడుతుంది.

చిక్కేమిటంటే, ఇవి ఊపిరి తీసుకునే కండరాలనూ ఆపేస్తాయి. స్పృహను మాత్రం తీయవు, నొప్పిని తగ్గించవు. కాబట్టి ఊపిరి అందించే ఏర్పాటు లేకుండా, మత్తు ఇవ్వకుండా వీటి జోలికి పోకూడదు. ఐసీయూలోనూ అంతే.

2017లో అమెరికాలోని టెనెస్సీలో ఒక రోగికి ఆందోళన తగ్గించే ‘వెర్సెడ్’ ఇవ్వబోయి వెక్యురోనియం ఇచ్చారు. మందుల బీరువా తెర మీద ‘వీఈ’ అని రెండక్షరాలు కొడితే వచ్చిన మందది. వెర్సెడ్ ద్రవం, ఇదేమో కలుపుకోవాల్సిన పొడి. మూత మీద హెచ్చరిక కూడా ఉంది! రోగి ప్రాణం దక్కలేదు. అందుకే కండరాలు సడలించే మందుల సీసాలను విడిగా పెట్టాలి, సిరంజికి అప్పటికప్పుడే లేబుల్ అంటించాలి.

మన దగ్గర ఇంకో సంగతి. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి సక్సినైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ పుట్టుకతోనే బాగా తక్కువ. నిమిషాల్లో పోవాల్సిన ప్రభావం గంటలు నిలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

ఆపరేషన్ చివర్లో ఈ మందుల ప్రభావం పోయిందో లేదో చూడటానికి మణికట్టు నరానికి వరసగా నాలుగు చిన్న కరెంటు దెబ్బలిచ్చి బొటనవేలి కదలికను పరికరంతో కొలుస్తారు. నాలుగో కదలిక మొదటిదానిలో కనీసం 90 శాతం ఉండాలి. రోగి తల ఎత్తాడు కదా అని ఊపిరి అందించే గొట్టం తీసేస్తే కుదరదు.