వృద్ధుల నివాసములందు భోజన వ్యవస్థ

(నిజాంపేటయందు జరిగిన వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మన సంఘము వృద్ధుల కొఱకొక నివాసమును నిర్మింప సంకల్పించినదనియు, ఆ తీర్మానము రేపటి సమావేశమునకు రానున్నదనియు మీరెఱుఁగుదురు. ఆ నివాసమునందలి భోజనమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్నాదేశించిరి. భవనము, వైద్యము, నిధి మొదలగు పెద్ద విషయములుండఁగా పప్పు, చారు, మజ్జిగలకు సభ యేల యని కొందఱకు తోఁచవచ్చును. తైత్తిరీయోపనిషత్తునందలి భృగువు తపమొనర్చి మొట్టమొదట బ్రహ్మమని తెలిసికొన్నది అన్నమును. ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము తరువాతి మెట్లు. మన పార్లమెంటు 2007లో చేసిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము సైతము పోషణమను పదమునకు అర్థము చెప్పుచు అన్నమును మొదట లెక్కించి, వస్త్రమును, నివాసమును, వైద్యమును తరువాత చేర్చినది. మనమును ఆ క్రమముననే ఆలోచించుట మేలు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున పెక్కు కులసంఘములు విద్యార్థి వసతిగృహములపై దృష్టి నిలిపినవి. హైదరాబాదున 1918లో స్థాపింపఁబడిన రెడ్డి హాస్టలు అందులకు ప్రసిద్ధ నిదర్శనము. పల్లెనుండి చదువునకు వచ్చిన బాలునకు కూడును గూడును కల్పించుట ఆనాఁటి ధర్మము. ఆ విద్య ఫలించినది. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతపు రూపమే మాఱిపోయినది. పంటచేలును చెఱువులును గల ఈ నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగరములు మేడలతో నిండి, 2019లో ఒక్క నగరపాలక సంస్థగా ఏర్పడినవి. కృష్ణా, గుంటూరు, గోదావరి, నల్లగొండ, ఖమ్మము జిల్లాలనుండి వచ్చిన కుటుంబములు ఇచ్చట స్థిరపడినవి. ఆ కుటుంబముల పిల్లలు అనేకులు డల్లాసు, న్యూజెర్సీలకు చేరిరి; తల్లిదండ్రులు ఐదవ అంతస్తునందు మిగిలిరి. 2011 జనాభా లెక్కలనాఁటికే దేశమున అఱువది యేండ్లు నిండినవారు పది కోట్లకు మించియుండిరి. పూర్వులకు వసతిగృహమెట్టిదో మనకు వృద్ధుల నివాసమట్టిది.

అయితే ఇచ్చటనొక భేదమును గుర్తింపవలయును. అన్నదానమన్నంతనే మన మనస్సులకు సత్రము స్ఫురించును. కోనసీమ లంకల గన్నవరమునందు డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొన్నవారికి వేళ కాని వేళలయందును వండి వడ్డించి అన్నపూర్ణయని కీర్తిగాంచిరి. ఆమె పుణ్యము సామాన్యము కాదు. కాని ఆమె పంక్తిని కూర్చున్నవాఁడు తఱచుగా బాటసారి. ఒక పూట భుజించి తన దారిని పోవువాఁడు. నివాసమున చేరిన వృద్ధుఁడు బాటసారి కాఁడు. దినమునకు మూఁడు పూటల చొప్పున ఏఁటికి 1,095 మాఱులు అతఁడు అదే బల్లయొద్ద కూర్చుండును. బాటసారికి ఉప్పు కొంచెము ఎక్కువైనను నష్టము లేదు. వృద్ధునకు ఆ ఉప్పే రక్తపుపోటు. సత్రమునకు దాతృత్వము చాలును. నివాసమునకు దాతృత్వముతో పాటు వ్యవస్థయు కావలయును.

ఇఁక పోషకులతో ఒక మాట నిష్కర్షగా మనవి చేయుదును, మన్నింపుఁడు. నేను చూచిన నివాసములలో దాతల భోజనములు ఎక్కువగా కార్తికమాసమునను, పుట్టినదినములయందును, పెద్దల తిథులయందును వచ్చును. ఆ దినములందు లడ్డూ, పులిహోర, బూరెలు, గారెలు. ఒక్కొక్కప్పుడు ఒక్కదినముననే ఇద్దఱు దాతలు. మఱునాఁడు నీళ్లచారు. మధుమేహము గలవాఁడు లడ్డూ తినకున్న దాతకు చిన్నతనము, తినిన తనకు అపాయము. దాత తన సంతోషము కొఱకు పెట్టునది ఒకటి, భోక్త దేహమునకు వలసినది మఱియొకటి.

చరకుఁడు విమానస్థానమునందు ఆహారవిధికి ఎనిమిది అంశములను చెప్పెను: పదార్థ స్వభావము, వండు విధము, కలయిక, పరిమాణము, దేశము, కాలము, తిను నియమము. ఎనిమిదవది ఉపయోక్త, అనఁగా తినువాఁడే. ఎవరికేది అలవాటో అది వారివలననే తెలియవలయునని ఆయన యభిప్రాయము. మన నివాసములు ఏడింటిని కొంతకు కొంత విచారించి ఎనిమిదవదానిని మఱచుచున్నవి. నేఁడు నేను చెప్పఁదలఁచిన ముఖ్యాంశమిదియే.

ఒక నివాసమునందొక పెద్దమనుష్యుఁడు ప్రతిదినము కంచములో కూర విడిచిపెట్టుచుండెను. ఆకలి లేదని పుస్తకమున వ్రాసికొనిరి. ఆయన కట్టుడుపండ్లు వదులైనవి. ఆ మాట ఎవ్వరును అడుగలేదు. ఒకనాఁడు వంటామె సొరకాయను మెత్తగా ఉడికించి పప్పులో కలిపి పెట్టఁగా కంచము ఖాళీ అయ్యెను. జన్మమంతయు జొన్నరొట్టె తిన్న నల్లగొండ ముసలమ్మకు ప్రతి యుదయమును ఇడ్లీయే పెట్టినచో ఆమె సగము తిని లేచును. దానిని వార్ధక్యమందుమా?

వయసు పైఁబడిన కొలఁది నాలుకకు రుచియు, ముక్కునకు వాసనయు తగ్గును. దాహము సరిగా తెలియదు. కాఁబట్టియే ఊరగాయ మీఁద ఆశ, నీటి మీఁద అశ్రద్ధ. 1918లో కూనూరున పుట్టి 1958లో మన నగరమునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే యున్నది. 2024లో ఆ సంస్థవారు ప్రకటించిన ఆహార మార్గదర్శకములు వృద్ధులకు పోషకములు దండిగా గల ఆహారము కావలెనని ప్రత్యేకముగా చెప్పుచున్నవి. దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదు. మాంసకృత్తులు దేహపు బరువులో కిలోకు 0.83 గ్రాము చొప్పున, అనఁగా 60 కిలోల మనుష్యునకు సుమారు 50 గ్రాములు కావలయును. చారన్నముతోను మజ్జిగన్నముతోను ఆ లెక్క తీఱదు. ముద్దపప్పు, పెరుగు, పాలు, తినువారికి గ్రుడ్డును ఉండవలయును.

కాఁబట్టి మన నివాసమునకు ఐదు నియమములను సూచించుచున్నాను.

మొదటిది: నివాసులలో ఐదుగురు, వంటవారిలో ఒకరు, నిర్వాహకుఁడు కలిసిన భోజన సమితి వారమునకొక దినము కూడి రాఁబోవు వారపు వంటలను నిర్ణయింపవలయును. ఐదుగురిలో స్త్రీలు ఇద్దఱికి తక్కువ కారాదు.

రెండవది: ప్రతి పూటయు కూరలలో ఒకటి పండ్లు లేనివారికిని తినవీలగునట్లు మెత్తనిదై యుండవలయును. ఫలహారము రెండు విధములుగా నుండవలయును.

మూఁడవది: వేళ. వంటవారు త్వరగా ఇంటికి పోవుటకై సాయంకాలము ఆఱు గంటలకే వడ్డించి, మఱునాఁడు తొమ్మిదింటివఱకు ఏమియు పెట్టకుండుట పలుచోట్ల ఆచారమైనది. అమెరికాయందలి వృద్ధ శుశ్రూషాలయములకు అచ్చటి కేంద్రప్రభుత్వము విధించిన నిబంధన ప్రకారము రాత్రి భోజనమునకును ఉదయపు ఫలహారమునకును నడుమ 14 గంటలు మించరాదు. పండుకొనువేళ బలమైన చిరుతిండి పెట్టినచో 16 గంటలదాఁక పొడిగింపవచ్చును గాని, అందులకు నివాసుల సమ్మతి కావలయును. మన పిల్లలున్న దేశము భోక్త సమ్మతికి ఇంత విలువ నిచ్చుచుండఁగా, చరకుఁడు పుట్టిన దేశము ఈయకుండుట తగునా?

నాలుగవది: నెలకొకమాఱు ప్రతి యొక్కరిని తూఁచి వ్రాయవలయును. 60 కిలోలవారు ఆఱు నెలలలో కారణము లేక 3 కిలోలు తగ్గినచో వెంటనే వైద్యునకు చూపవలయును. తూనికయంత్రపు వెల ఒక్క పూట బూరెల వెలకంటె ఎక్కువ కాదు.

ఐదవది: నడువఁగలవారందఱును కలిసి భుజింపవలయును. మంచము దిగలేనివారిని నిటారుగా కూర్చుండఁబెట్టి, ఒక్కొక్క ముద్ద మ్రింగిన పిమ్మటనే మఱియొకటి పెట్టవలయును. తొందరపెట్టి తినిపించినచో అన్నము ఊపిరితిత్తులలోనికి పోవు భయము కలదు. అందుకు తగినంతమంది పరిచారకులు ఉండవలయును.

ఇందులకు ధనమెక్కడిదని అడుగుదురు. ఉన్న ధనమునే దారి మఱల్పవలయునని నా ప్రార్థన. తల్లిదండ్రుల పేర ఒక దినపు విందునకు బదులు ఒక మాసపు పెరుగునకు, ఒక వత్సరపు వంటామె జీతమునకు శాశ్వతనిధి నిచ్చు దాత పేరును నివాసపు గోడపై మొదట చెక్కింపుఁడు. మిఠాయి పెట్టు కోరిక గలవారు భోజన సమితితో సంప్రతించి దినము నిర్ణయించుకొందురుగాక. రేపటి తీర్మానమునందు భవనపు అంచనాతోపాటు ఈ ఐదు నియమములను చేర్పవలసినదిగా సభాసదులను వేఁడుకొనుచున్నాను. పాలరాతిని తరువాత పఱవవచ్చును. భోజన సమితి మాత్రము తలుపులు తెఱచిననాఁడే ఉండవలయును.