వాల్యూమ్ కీ నొక్కితే సౌండ్ తగ్గట్లేదా? లినక్స్‌లో ఇలా సరిచేసుకుందాం

ఇవాళ ఆదివారం. తంజోంగ్ పగార్‌లో ఆఫీసులన్నీ మూసున్నాయి, కాబట్టి వెనకాల చప్పుడు కాస్త తక్కువే. తీరిగ్గా మాట్లాడుకుందాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లలో మనవాళ్లు కొందరు లినక్స్ మింట్ వేసుకున్నారు. ఖర్చు లేదు, పాత మెషీన్ మళ్లీ పరుగెత్తుతుంది. అంతా బాగుంది గానీ, "అన్నా, వాల్యూమ్ కీలు పనిచేయట్లేదు" అన్న మాట పదేపదే వింటున్నాను.

ఇది చిన్న విషయం అనుకోకండి. మన గదుల్లో ఒకరు ఇంటికి ఫోన్ చేసే వేళకి ఇంకొకరు నిద్రపోతుంటారు. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే మన ఊళ్లో ఆరున్నర. పిల్లలు అప్పుడే దొరుకుతారు. వీడియో కాల్‌లో పిల్లాడు ఒక్కసారి కేక పెడితే గదంతా లేస్తుంది. లేచినాయన తెల్లారి ఐదింటికి బయల్దేరి స్కాఫోల్డింగ్ ఎక్కాలి. నిద్ర చాలకపోతే అక్కడ ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పాలా? మా గదిలో ఈ చప్పుడు మీదే మాటా మాటా పెరిగి, ఒక తమ్ముడు వారం రోజులు ఇంటికి కాల్ చేయడమే మానేశాడు. మౌస్‌తో ఆ చిన్న స్పీకర్ బొమ్మ వెతికే లోపలే అందరూ లేచిపోతున్నారని.

సరే, పనిలోకి వద్దాం. ఇక్కడి పాత రైల్వే స్టేషన్ గుర్తుందా? 2011 జూన్ 30 దాకా మలేషియా రైళ్లు అక్కడికి వచ్చేవి. మీరు కీ నొక్కడం కూడా రైలు బయల్దేరడం లాంటిదే. కీబోర్డు దగ్గర మొదలై, లినక్స్ లోపలి నుంచి డెస్క్‌టాప్‌కి, అక్కడి నుంచి సౌండ్‌కి చేరాలి. ఏ స్టేషన్లో ఆగిందో కనుక్కుంటే సగం పని అయినట్టే.

మొదటిది. మౌస్‌తో స్పీకర్ బొమ్మ నొక్కి సౌండ్ తగ్గించి చూడండి. తగ్గితే సౌండ్ బాగానే ఉంది, తేడా కీ దగ్గరే. తగ్గకపోతే సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ ఏది ఉందో చూడండి. ఒక్కోసారి స్పీకర్ బదులు హెచ్‌డీఎంఐ ఎంపికై ఉంటుంది.

రెండోది. ఎఫ్ఎన్ అని రాసిన కీ పట్టుకుని వాల్యూమ్ కీ నొక్కండి. పనిచేస్తే అసలు సమస్యే లేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్‌తో పాటు ఎస్కేప్ నొక్కితే ఈ పద్ధతి తిరగబడుతుంది, ఆ తర్వాత వాల్యూమ్ కీ ఒక్కటే నొక్కితే చాలు.

మూడోది. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. అందులో ఎక్స్, ఈ, వీ అని మూడు చిన్న అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. తెల్లటి చిన్న విండో వస్తుంది. మౌస్ దాని మీద పెట్టి వాల్యూమ్ కీ నొక్కండి. టెర్మినల్లో కీకోడ్ 122 వస్తే తగ్గించే కీ, 123 వస్తే పెంచే కీ, 121 వస్తే మ్యూట్. అంటే రైలు బయల్దేరింది, డెస్క్‌టాప్ పట్టించుకోవట్లేదు. నంబర్ రాకుండా ఫోకస్ అవుట్ అన్న మాట కనబడితే డెస్క్‌టాప్ ఆ కీని ఇప్పటికే పట్టుకుందన్నమాట. ఏమీ రాకపోతే కీబోర్డు దగ్గరే ఆగింది.

మా తమ్ముడికి 122 వచ్చింది. అతనిది ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. అందులో వాల్యూమ్ కీల పని చూసేది కింద ప్యానెల్లో ఉండే స్పీకర్ బొమ్మే. ప్యానెల్ సర్దుతూ ఎవరో దాన్ని తీసేశారు. బొమ్మతో పాటు కీలూ పోయాయి! ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి, యాడ్ న్యూ ఐటమ్స్‌లో పల్స్ఆడియో ప్లగిన్ కలిపాం. దాని ప్రాపర్టీస్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్స్ అన్న చోట టిక్ ఉందో లేదో చూశాం. అంతే, రెండు నిమిషాల పని.

నాలుగోది, అసలు వాల్యూమ్ కీలే లేని పాత కీబోర్డు ఉన్నవాళ్లకి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్ షార్ట్‌కట్స్‌కి వెళ్లి కొత్తది కలపండి. కమాండ్ నిదానంగా చెప్తాను, రాసుకోండి. పీ, ఏ, సీ, టీ, ఎల్. ఖాళీ. సెట్, సింక్, వాల్యూమ్, ఈ మూడు మాటల మధ్య చిన్న అడ్డగీతలు. ఖాళీ. ఎట్ గుర్తు, పెద్ద అక్షరాల్లో డిఫాల్ట్, కింది గీత, సింక్, మళ్లీ ఎట్ గుర్తు. ఖాళీ. మైనస్ 5 పర్సెంట్. విండోస్ బొమ్మ ఉన్న కీతో పేజ్ డౌన్‌ని దీనికి ఇవ్వండి. పెంచడానికి మైనస్ బదులు ప్లస్ పెట్టి పేజ్ అప్ ఇవ్వండి. జాగ్రత్త, ఇది వంద దాటి కూడా పెంచేస్తుంది, చిన్న స్పీకర్లు గరగరమంటాయి.

"ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చుగా" అంటారేమో. పెట్టుకోండి, మంచిదే. కానీ వైరు ఊడిన క్షణాన మోత స్పీకర్‌లోంచే వస్తుంది. అప్పుడు చేతికి అందాల్సింది మ్యూట్ కీయే. అందుకే కాల్ మొదలుపెట్టే ముందు ఒకసారి నొక్కి చూసుకోండి. పక్క మంచం మీద పడుకున్నాయన మనకి చెప్పకుండానే దీవిస్తాడు.

మీ రైలు ఏ స్టేషన్లో ఆగిందో, ఏ డెస్క్‌టాప్ వాడుతున్నారో కింద రాయండి. వచ్చే ఆదివారం వాటికి జవాబు చెప్తాను. జాగ్రత్తగా పనికి వెళ్లి రండి. ఉంటాను మరి.